జిమ్‌లో కార్డియో వైపు ఏ రబ్బరు టైల్స్ వేయాలి? మందం కన్నా ముందు తూకం చూడండి

జిమ్ పెట్టిన మొదటి ఏడాది మా దగ్గర ఒక ట్రెడ్‌మిల్ బెల్టు మాటిమాటికీ ఎడమ పక్కకి జరిగిపోయేది. మెకానిక్ వచ్చేవాడు, వెనక రోలర్ బోల్టులు కాస్త తిప్పి సరిచేసేవాడు, డబ్బులు తీసుకుని వెళ్లేవాడు. పది రోజులకి మళ్లీ అదే కథ. మూడోసారి వేరే అతను వచ్చాడు. బోల్టుల జోలికే పోలేదు. సంచీలోంచి స్పిరిట్ లెవెల్ తీసి, మన మేస్త్రీలు రసమట్టం అంటారే, దాన్ని డెక్ మీద, అంటే బెల్టుకి ఆనుగా ఉండే పలక మీద, అడ్డంగా పెట్టాడు. బుడగ ఒక పక్కకి పోయి కూర్చుంది. తర్వాత మెషీన్ కాలి దగ్గర వంగి, "ఇక్కడ వేలు పెట్టి చూడండి సార్" అన్నాడు. కాలు ఫోమ్ మ్యాట్‌లోకి దాదాపు అర అంగుళం దిగిపోయి ఉంది. రెండో పక్క కాలు అంత దిగలేదు.

ఆ మ్యాట్లు నేనే ఏరికోరి కొన్నవి. 20 మి.మీ. మందం, నొక్కితే దిండులా మెత్తగా ఉండేవి. "మోకాళ్లకి చాలా మంచిది సార్" అని అమ్మినతను చెబితే తలూపాను.

ఇప్పుడు కొత్తగా జిమ్ పెడుతున్నవాళ్లు ఫోన్ చేసి "కార్డియోకి ఎన్ని ఎంఎం వేయాలి అన్నా" అని అడిగితే ముందు ఈ మోకాళ్ల సంగతే చెబుతాను. ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తేవాడి పాదం నేలకి తగలదు. డెక్‌కి తగులుతుంది. ఆ అదురు తట్టుకోవడానికి డెక్ కింద కంపెనీవాళ్లే రబ్బరు బుష్షులు పెడతారు, మిగతాది బూట్లు చూసుకుంటాయి. సైకిల్ మీద, నిలబడి పెడల్స్ తొక్కే ఎలిప్టికల్ మీద అయితే పాదం పెడల్ దాటి కిందికి రాదు. కాబట్టి కార్డియో వైపు నేల ఎంత మెత్తగా ఉన్నా మోకాలికి ఒరిగేదేమీ లేదు. అక్కడ నేల పని మెషీన్‌ని కదలకుండా, వంగకుండా, ఒక్క మట్టంలో నిలబెట్టడం. వెయిట్స్ వైపు లెక్క వేరు. అక్కడ డంబెల్ జారి పడుతుంది, బార్ దించేవాడు దబ్బున వదిలేస్తాడు, స్లాబు పగలకుండా 20, 25 మి.మీ. మందం కావాలి. రెండు చోట్లకీ ఒకే టైల్ వేసేద్దాం అనుకునేవాళ్లు ఏదో ఒక వైపు నష్టపోతారు.

మెషీన్ కాలి మీద పడే బరువు ఎంతో ఒక్కసారి లెక్క వేసుకోండి. జిమ్‌లకి వాడే ట్రెడ్‌మిల్ 150 నుంచి 200 కిలోల దాకా ఉంటుంది. 180 అనుకుందాం. మీద 80 కిలోల మనిషి. మొత్తం 260 కిలోలు నాలుగు కాళ్ల మీద నిలబడుతుంది. ఒక్కో కాలు గుండ్రటి రబ్బరు బిళ్ల, రెండు అంగుళాల వెడల్పు. పైగా పరిగెత్తేటప్పుడు ప్రతి అడుగుకీ శరీర బరువుకి రెండు మూడు రెట్లు దెబ్బ పడుతుంది. అరగంట పరుగులో ఆ దెబ్బలు వేలల్లో ఉంటాయి. దీన్ని గాలి బుడగలతో నిండిన ఫోమ్ ఎలా మోస్తుంది?

దొరికే రకాలు, వాటి గుణాలు

మార్కెట్లో "రబ్బర్ మ్యాట్" అని అడిగితే నాలుగైదు వేరు వేరు సరుకులు అదే పేరుతో చూపిస్తారు. అందులో మొదటిది అసలు రబ్బరే కాదు. ఈవీఏ ఫోమ్, పిల్లల గదుల్లో వేసే పజిల్ మ్యాట్. యోగాకీ స్ట్రెచింగ్‌కీ బాగుంటుంది, ధర తక్కువ, తూకం దాదాపు ఉండదు. మెషీన్ల కింద మాత్రం వద్దు. నా కథ విన్నారు కదా.

రెండోది, ఎక్కువ జిమ్‌లలో కనిపించే నల్ల టైల్. పాత లారీ టైర్లని పిండి చేసి, ఆ రేణువులని పాలియురెథేన్ జిగురుతో కలిపి అచ్చులో నొక్కి తయారుచేస్తారు. దీన్నే ఎస్‌బీఆర్ అంటారు. అందులో ఎరుపు, నీలం, బూడిద రంగు చుక్కలు కనిపిస్తే అవి ఈపీడీఎం అనే వేరే రబ్బరు రేణువులు. ఎండకీ రంగు వెలియడానికీ ఈపీడీఎం బాగా తట్టుకుంటుంది, ధర ఎక్కువ, అందుకే పది శాతం, ఇరవై శాతం అని లెక్కగా కలుపుతారు. చుక్కలు అందానికి మాత్రమే అనుకోకండి. నిండు నలుపు నేల మీద దుమ్ము, పౌడరు, ఎండిన చెమట అన్నీ తెల్లగా తేలిపోతాయి. చుక్కల టైల్ అయితే సాయంత్రం ఆరింటి రద్దీలో కూడా చూడ్డానికి నీటుగా ఉంటుంది. బూడిద చుక్కలు తీసుకోండి, ఎర్ర చుక్కలు రెండేళ్లకి మొహం మొత్తుతాయి. ఇది నా అభిప్రాయం, శాస్త్రం కాదు.

మూడోది వల్కనైజ్డ్ షీటు లేదా టైల్. ఇది రేణువుల్ని జిగురుతో అతికించింది కాదు, రబ్బరుని వేడిలో, ఒత్తిడిలో ఒకే ముద్దగా ఉడికించి పలకగా చేసింది. పైభాగం మూసుకుపోయి ఉంటుంది, చెమట లోపలికి ఇంకదు, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. 6 మి.మీ. వల్కనైజ్డ్ పలక మెషీన్ కింద రాయిలా నిలబడుతుంది. ధర చూస్తే మాత్రం గుండె ఝల్లుమంటుంది. పెద్ద బడ్జెట్ ఉన్నవాళ్లు, హోటల్ జిమ్‌లు పెట్టేవాళ్లు దీన్ని చూడొచ్చు. మామూలు జిమ్‌కి మంచి ఎస్‌బీఆర్ సరిపోతుంది.

వినైల్ పలకలు కూడా చాలామంది అడుగుతున్నారు, చెక్కలా కనిపిస్తాయి కాబట్టి. వేసుకోవచ్చు. కానీ వినైల్ మీద నల్ల రబ్బరు మ్యాటు పరిచి మెషీన్ పెట్టారంటే, రబ్బరులో కలిపే రసాయనాలు వినైల్‌లోకి దిగి పసుపు, గోధుమ రంగు మరక పడుతుంది. ఎంత తోమినా పోదు. మెషీన్ జరిపిన రోజున తెలుస్తుంది. కార్పెట్ టైల్స్ గురించి ఒక్క మాటే: మన ఉక్కపోతలో, చెమటలో, వద్దు.

కాటా మీద పెడితే బయటపడుతుంది

ఇక్కడ కాస్త ఆగి చదవండి, డబ్బులు పోయేదీ మిగిలేదీ ఇక్కడే.

ఎస్‌బీఆర్ టైల్‌లో నాణ్యత అంటే ముఖ్యంగా సాంద్రత. రేణువులు ఎంత గట్టిగా నొక్కితే టైల్ అంత బరువు, అంత గట్టి, రేణువులు అంత తక్కువ రాలతాయి. మంచి టైల్ సాంద్రత ఘనపు మీటరుకి వెయ్యి కిలోలకి అటూ ఇటూగా ఉంటుంది. ఈ లెక్క మనకి చాలా అనుకూలం. మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న టైల్ ఎన్ని మి.మీ. మందమో దాదాపు అన్ని కిలోలు తూగాలి. 8 మి.మీ. టైల్ 8 కిలోలు. 10 మి.మీ. అయితే 10. అర మీటరు టైల్ అయితే అందులో నాలుగో వంతు, అంటే 8 మి.మీ.కి 2 కిలోలు. శాంపిల్ పట్టుకుని పక్కనున్న కిరాణా కొట్టుకి వెళ్లి కాటా మీద పెట్టండి. 2 కిలోలు ఉండాల్సింది ఒకటిన్నరే ఉందంటే లోపల గాలి అమ్ముతున్నారన్నమాట.

ధర పోల్చడానికి కూడా ఇదే దారి. ఒకరు 8 మి.మీ. టైల్ చదరపు అడుగు 90 రూపాయలు చెప్పారనుకోండి. ఇంకొకరు "అదే సరుకు" 80కి ఇస్తానన్నారు. చూడబోతే రెండోదే లాభం. కానీ రెండో టైల్‌ని కొలిస్తే అసలు మందం 7 మి.మీ., తూకం చూస్తే సాంద్రత 850 అని తేలింది అనుకుందాం. మొదటిది చదరపు అడుగుకి సుమారు 740 గ్రాములు, అంటే కిలో 121 రూపాయలు. రెండోది 550 గ్రాములు, కిలో 145 రూపాయలు. చవక అనుకున్నదే ఖరీదైంది. ఈ రేట్లు లెక్క కోసం చెప్పినవి, మీ ఊళ్లో వేరుగా ఉంటాయి. లెక్క చేసే పద్ధతి మాత్రం అదే.

చదరపు అడుగుల దగ్గర ఇంకో మెలిక ఉంది. అర మీటరు టైల్‌ని నోటిమాటగా "టూ బై టూ" అనేస్తారు. రెండడుగులంటే 610 మి.మీ. అర మీటరు 500 మి.మీ. మాత్రమే. రెండడుగుల టైల్ 4 చదరపు అడుగులు, అర మీటరు టైల్ 2.69. కార్డియో స్థలం 30 అడుగులు ఇంటూ 20 అడుగులు, 600 చదరపు అడుగులు ఉందనుకోండి. నాలుగుతో భాగించి 150 టైల్స్ తెప్పిస్తే, వచ్చినవి అర మీటరువి అయితే, 404 చదరపు అడుగులు మాత్రమే నిండుతుంది. అసలు కావాల్సింది 225 దాకా. రెండడుగుల టైల్స్ కూడా నిజంగానే దొరుకుతాయి, కాబట్టి ఎవర్నీ అనుమానించక్కర్లేదు, జేబులో టేపు పెట్టుకుంటే చాలు.

ఇంకో మూడు పరీక్షలు నేను తప్పకుండా చేస్తాను. అంచుని గోటితో గట్టిగా గీకడం, రేణువులు రాలితే వదిలేయడం. రాలే రేణువులు మీ మెంబర్ల సాక్సుకి అంటుకోవడంతో ఆగవు, మోటారు ఫ్యాను గాలితోపాటు ట్రెడ్‌మిల్ లోపలికి చేరతాయి. రెండోది తడిపిన తెల్ల గుడ్డతో పది సార్లు రుద్దడం, నల్లటి మరక చిక్కగా వస్తే అది మీ మెంబర్ల బూట్లకీ వస్తుంది. మూడోది మా ఆవిడ నేర్పింది. చిన్న ముక్క కోసి స్టీలు డబ్బాలో వేసి మూతపెట్టి, ఒక రోజు ఎండ తగిలేచోట ఉంచి తీయండి. ముఖం తిప్పుకునేంత వాసన వస్తే, ఏసీ వేసి తలుపులు మూసిన మీ హాల్లో ఏమవుతుందో ఊహించుకోండి. కొత్త రబ్బరుకి కొంత వాసన మామూలే, వేసే ముందు వారం పాటు విప్పి గాలికి ఆరబెడితే చాలావరకు తగ్గుతుంది. కిరోసిన్‌లా ఘాటుగా కొట్టేది మాత్రం తీసుకోవద్దు.

టైలా, రోలా?

ఇదే సరుకు నాలుగడుగుల వెడల్పు రోల్‌గా కూడా వస్తుంది. మన 30 ఇంటూ 20 హాలుకి రోల్ భలే కుదురుతుంది, 20 అడుగుల వెడల్పులో ఐదు వరసలు సరిగ్గా పడతాయి. అతుకులు నాలుగే. మెషీన్ కాలు అతుకు మీద పడే బాధ తక్కువ, చీపురు ఆగకుండా సాగుతుంది. ఒక్క చిక్కు. 10 మీటర్ల రోల్ 8 మి.మీ.ది దగ్గర దగ్గర 100 కిలోలు ఉంటుంది. లిఫ్టు లేని రెండో అంతస్తుకి, మలుపు తిరిగే మెట్ల మీద దాన్ని ఎక్కించే మనుషుల్ని ముందే మాట్లాడుకోండి. మాకు నలుగురు పట్టారు, మధ్యలో రెండుసార్లు దింపారు, ఒక గోడ మూల రాలింది.

టైల్ లాభం రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకటి, పాడైనదాన్ని ఒక్కదాన్నే మార్చొచ్చు. రెండు, స్తంభాలూ మూలలూ ఎక్కువున్న హాలులో వృథా తక్కువ. కార్డియోకి టైల్ అయితే మీటరు టైల్ తీసుకోండి, అర మీటరు వద్దు. అర మీటరు టైల్స్ వేస్తే ఏడడుగుల ట్రెడ్‌మిల్ నాలుగు కాళ్లలో ఏదో ఒకటి అతుకు మీద పడక మానదు. పజిల్ అంచున్నది జిగురు లేకుండా నిలబడుతుంది, అద్దె బిల్డింగ్‌లకి మంచిది. నిలువు అంచున్నది చూడ్డానికి చక్కగా ఉంటుంది, కానీ చుట్టూ టేపో జిగురో కావాలి. మధ్యలో ప్లాస్టిక్ పిన్నులతో కలిపే 20, 25 మి.మీ. టైల్స్ అడుగున గాడులో, పొక్కిళ్లో ఉంటాయి, నీళ్లు పోవడానికి. ఆరుబయటకీ వెయిట్స్‌కీ అవి సరే. సన్నటి మెషీన్ కాలు అడుగున ఖాళీ ఉన్నచోట పడితే మాత్రం టైల్ వంగి మెషీన్ ఊగుతుంది. అందుకే టైల్ పైభాగం చూసి మురిసిపోకుండా తిరగేసి చూడండి, కార్డియోకి అడుగు చదునుగా ఉండాలి.

మందం మాటకొస్తే, కింది అంతస్తులో అయితే 8 మి.మీ. చాలు. స్పిన్ సైకిళ్లు, ఎలిప్టికల్స్ మాత్రమే ఉంటే 6 కూడా నడుస్తుంది. 10 దాటి పోవడానికి నాకైతే కారణం కనిపించదు. మొత్తం బరువు కూడా చూసుకోండి. 600 చదరపు అడుగులకి 8 మి.మీ. అంటే దాదాపు 450 కిలోలు. 20 మి.మీ. అంటే 1,100 కిలోల పైమాటే. మెషీన్లు ఎక్కకముందే స్లాబు మీద టన్ను పెట్టినట్టు.

కింద ఎవరున్నారు?

హైదరాబాద్‌లోనూ వరంగల్‌లోనూ విజయవాడలోనూ జిమ్‌లు ఎక్కువగా పై అంతస్తుల్లోనే ఉంటాయి. కింద బ్యాంకో, కోచింగ్ సెంటరో ఉంటుంది. మా కింద డెంటల్ క్లినిక్. డాక్టర్ గారు చాలా మర్యాదస్తులు. ఒకరోజు పైకి వచ్చి, "బాబూ, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా నా చేతిలో డ్రిల్లు ఉంటుంది, అది ఒక్కటి గుర్తుపెట్టుకో" అని చెప్పి వెళ్లిపోయారు. తిట్టినా అంత సిగ్గేసేది కాదు.

8 మి.మీ. రబ్బరు మెషీన్ గరగరని కొంత తగ్గిస్తుంది. పరిగెత్తేటప్పుడు వచ్చే దడ్ దడ్ అనే బరువైన చప్పుడు మాత్రం స్లాబులోంచి దిగుతుంది. దానికి ఒకే మందపాటి మెత్తటి టైల్ వేస్తే మళ్లీ ఊగుడు సమస్య. కుదిరే దారి రెండు పొరలు: అడుగున చప్పుడు ఆపే అండర్‌లే, పైన గట్టి 8 లేదా 10 మి.మీ. టైల్. పై పొర బరువుని పరుస్తుంది, కింది పొర అదురుని తాగుతుంది. ఇది ట్రెడ్‌మిల్ వరసకి చాలు, సైకిళ్ల కింద అనవసరం. కానీ పైసా ఖర్చు లేని మార్పు ఇంకోటి ఉంది. ట్రెడ్‌మిల్స్‌ని స్లాబు నడిమధ్య నుంచి తీసి దూలం మీదికి, స్తంభాల వరసకి జరపండి. స్లాబు మధ్యలో ఎక్కువ అదురుతుంది, దూలం దగ్గర తక్కువ. మేము ముందు అది చేశాం, తర్వాతే అండర్‌లే కొన్నాం. డాక్టర్ గారు మళ్లీ పైకి వచ్చింది మెంబర్‌షిప్ తీసుకోవడానికే. అన్నట్టు, పాత బిల్డింగ్ అయితే స్లాబు మోయగలదో లేదో సివిల్ ఇంజనీర్‌ని అడగండి, ఇది రబ్బరు షాపువాడు చెప్పే విషయం కాదు.

వేసేటప్పుడు, వేశాక

మన దగ్గర అందరూ ట్రెడ్‌మిల్స్‌ని రోడ్డు వైపు అద్దాల గోడకి పెడతారు, కిందనుంచి వెళ్లేవాళ్లకి కనిపించాలని. పడమటి అద్దం అయితే మధ్యాహ్నం ఎండ నేరుగా ఆ టైల్స్ మీద పడుతుంది. రబ్బరు వేడికి సాగుతుంది. గోడవారగా వేలి మందం సందు వదలకపోతే సాగడానికి చోటు లేక అతుకుల దగ్గర ఉబ్బుతుంది, మెంబర్ కాలు తట్టుకుంటుంది. సందు వదలండి, పైన స్కర్టింగ్ పట్టీ కప్పేస్తుంది. అద్దానికి ఫిల్మ్ వేయించండి. సరుకు లారీ దిగిన రోజే వేయించొద్దు, ఒకటి రెండు రోజులు అదే హాల్లో పరిచి ఉంచితే గది వేడికి సర్దుకుంటుంది.

కింద పాత విట్రిఫైడ్ టైల్స్ ఉంటే వాటి మీదే వేయొచ్చు, పగిలినవి, లేచినవి సరిచేసుకుని. అద్దె బిల్డింగ్‌లో నేల నిండా పీయూ (పాలియురెథేన్) జిగురు పూస్తే ఖాళీ చేసే రోజున ఓనర్‌తో గొడవే. నేను చుట్టు అంచులకీ నడిచే దారికీ రెండు వైపుల టేపు వేసి వదిలేశాను, మెషీన్ల బరువే మిగతాది పట్టుకుంటుంది. కొత్త కాంక్రీటు అయితే పూర్తిగా ఆరనివ్వండి, తడి లోపల చిక్కుకుంటే బూజు వాసన ఏ అగరబత్తికీ లొంగదు. మెషీన్ వైర్లని టైల్స్ కింద దాచొద్దు, మెషీన్ కాళ్ల కింద నలిగి ప్రమాదం. ట్రెడ్‌మిల్ వెనక కనీసం ఆరడుగులు ఖాళీ వదిలి, అక్కడ కూడా టైల్ పరవండి. బెల్టు మీద నుంచి జారినవాడు పడేది అక్కడే. మోకాళ్లకి రబ్బరు నిజంగా పనికొచ్చేదీ అక్కడే.

శుభ్రం చేసే అమ్మాయికి ఫినాయిల్, యాసిడ్ ఇవ్వకండి. రెండూ రబ్బరుని తింటాయి. గోరువెచ్చటి నీళ్లలో కాస్త మెత్తటి ఫ్లోర్ లిక్విడ్, బాగా పిండిన మాపు, అంతే. ఎస్‌బీఆర్ రేణువుల మధ్య నీళ్లు ఇంకుతాయి, బకెట్ కుమ్మరిస్తే రెండు రోజులు తడి వాసన.

బడ్జెట్ బొత్తిగా లేదంటే, మూడు ట్రెడ్‌మిల్స్, నాలుగు సైకిళ్ల జిమ్‌కి హాలంతా రబ్బరు పరవాల్సిన పని లేదు. నేల మీదున్న మామూలు టైల్స్ ఉంచేసి, ఒక్కో మెషీన్ కింద దాని సైజు కన్నా జానెడు పెద్ద 8 మి.మీ. గట్టి రబ్బరు మ్యాట్ వేయండి. అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్ జిమ్‌లకి నేను ఇదే చెబుతాను. రోజూ రెండొందల మంది వచ్చే జిమ్ అయితే రోల్, లేదా చుక్కల మీటరు టైల్, 8 మి.మీ. పై అంతస్తు అయితే ట్రెడ్‌మిల్ వరసకి అండర్‌లే అదనం.

ఏది కొన్నా అదే బ్యాచ్‌లో ఐదారు టైల్స్ ఎక్కువ తెప్పించి పక్కన పెట్టండి. తర్వాతి బ్యాచ్‌లో నలుపు కూడా వేరే నలుపు వస్తుంది, చుక్కలు వేరుగా పడతాయి. నావి మెట్ల కింద నిలబెట్టి ఉన్నాయి. వాటిని నిలబెట్టకూడదట, పడుకోబెట్టి పేర్చాలట. నిలబెడితే వంగిపోతాయని ఇప్పుడు తెలిసింది, రెండు అప్పుడే వంగాయి.